అమెరికా కాలేజీ ఆటగాళ్లకు స్కాలర్‌షిప్‌కి అదనంగా డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై శ్రేణి అయిన డివిజన్-1 గురించి రాసిన పేజీ ఇది. పిల్లల్ని టెన్నిస్ కోర్టులకు, స్విమ్మింగ్ పూల్స్‌కు తిప్పుతున్న అక్కడి తెలుగు తల్లిదండ్రులు, ఇక్కడి నుంచి స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ మీద వెళ్లాలనుకుంటున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు తీసుకున్నాం. నిబంధనలు 2025-26 విద్యా సంవత్సరానివి.

కాలేజీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, 2025 జూలై 1 నుంచి. కాలేజీ ఆటలకు నిబంధనలు పెట్టే ఎన్‌సీఏఏ సంస్థ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ వర్సెస్ ఎన్‌సీఏఏ కేసులో కుదిరిన రాజీని జడ్జి క్లాడియా విల్కెన్ అదే ఏడాది జూన్ 6న ఆమోదించారు. రాజీలో చేరిన కాలేజీ ఒక్కొక్కటి మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచొచ్చు. పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీలు కలిసి ఆడే లీగుల) కాలేజీలకు టీవీ హక్కులు, టికెట్లు, స్పాన్సర్ల మీద వచ్చే సగటు ఆదాయంలో 22 శాతం లెక్కన కట్టిన పరిమితి అది. ఏటా సుమారు 4 శాతం పెరుగుతుంది.

ఇది పైపరిమితి మాత్రమే. ఇంత పంచి తీరాలన్న రూలు లేదు. ఐవీ లీగ్‌లోని ఎనిమిది కాలేజీలు రాజీలో చేరనే లేదు. అక్కడ ఆట పేరు మీద స్కాలర్‌షిప్ కూడా ఇవ్వరు.

ఫుల్ స్కాలర్‌షిప్ విలువే ఏడాదికి 50 వేల నుంచి 90 వేల డాలర్లు. అది చాలదా?

ఏ ఆట గురించి అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఫుల్ స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, ఫీజులు, హాస్టల్, భోజనం, పుస్తకాలు వస్తాయి. 2015 నుంచి పెద్ద కాన్ఫరెన్సులు వీటి మీద ప్రయాణాలకు, చేతి ఖర్చులకు కూడా కొన్ని వేల డాలర్లు కలిపి ఇస్తున్నాయి. ఈతగాడికో గోల్ఫర్‌కో ఇది మంచి బేరమే. ఆ ఆట చూడ్డానికి టికెట్ కొనేవాళ్లు దాదాపు ఉండరు, కాలేజీయే ఎదురు ఖర్చు పెట్టుకుంటుంది.

ఫుట్‌బాల్ (అంటే అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు), పురుషుల బాస్కెట్‌బాల్ సంగతి వేరు. పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు టీవీ హక్కులకు సీబీఎస్, టర్నర్ సంస్థలు 2016లో చేసుకున్న పొడిగింపు ఒప్పందం ఒక్కటే 880 కోట్ల డాలర్లది, 2032 దాకా. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ కోచ్‌ని తీసేసి, ఇక పని చేయనందుకు ఆయనకు 7.5 కోట్ల డాలర్లకు పైగా కట్టేందుకు ఒప్పుకుంది. పని మానేసిన కోచ్‌కి అంత ఇవ్వగలిగిన చోట, మైదానంలో దెబ్బలు తినే కుర్రాడికి ట్యూషన్ ఫీజు చాలనడం మాకు సబబుగా లేదు. ఎన్‌సీఏఏ ఆటగాళ్లలో ప్రొఫెషనల్ లీగుల దాకా వెళ్లేది 2 శాతం కూడా లేరు. మిగతావాళ్లకు సంపాదించుకునే కాలం ఆ నాలుగైదేళ్లే.

కాబట్టి డబ్బు తెచ్చే ఆటల్లో స్కాలర్‌షిప్‌తో పాటు డబ్బు కూడా ఇవ్వాలన్నదే మా మాట, అదీ ఉద్యోగ ఒప్పందం రాసుకుని. ఇప్పుడు నడుస్తున్నది ఆ పద్ధతి కాదు. డబ్బు ఇస్తున్నారు గానీ ఉద్యోగి అన్న పేరు తప్పిస్తున్నారు. కింద కనిపించే చిక్కుల్లో చాలావాటికి మూలం అదే.

ఇన్నేళ్లూ ఎందుకివ్వలేదు?

ఆటగాడు ఉద్యోగి అయితే గాయానికి పరిహారం కట్టాలి. కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ ఏ అండ్ ఎం కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు రే డెనిసన్ 1955లో ఆటలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. కార్మికులకు ఇచ్చే పరిహారం కోసం భార్య కోర్టుకెళ్లింది. అతను ఉద్యోగి కాడని 1957లో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చింది. ఎన్‌సీఏఏ ఆ గీత దాటకుండా దశాబ్దాలు కాపు కాసింది.

కాపు ఎంత గట్టిదో తిండి రూలు చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు భోజన వేళలు కాకుండా ఆటగాడికి కాలేజీ పెట్టగలిగింది పళ్లు, గింజలు, బేగల్ రొట్టె. ఆ రొట్టెకు క్రీమ్ చీజ్ రాస్తే అది భోజనం కింద లెక్క, అంటే ఉల్లంఘన. 2014 ఏప్రిల్‌లో కనెటికట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటగాడు షబాజ్ నేపియర్ కొన్ని రాత్రులు ఆకలితో పడుకుంటానని విలేకరులతో అన్నాడు. తిండి మీద పరిమితి ఎత్తేయాలని ఆ నెలలోనే నిర్ణయించారు.

మరి ఎవరు మార్చారు?

కోర్టులు. ఎన్‌సీఏఏ తనంతట తాను కదిలింది తక్కువ. వీడియో గేమ్‌లో తన బొమ్మ చూసుకున్న మాజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఎడ్ ఓబానన్ 2009లో కేసు వేశాడు, చేతి ఖర్చుల డబ్బు దారికి రావడానికి ఆ కేసు పెద్ద కారణం. ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని కాలిఫోర్నియా 2019లో చట్టం చేసింది. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు 9–0తో తీర్పిచ్చింది. ఆ తీర్పు జీతాలకు అనుమతి ఇచ్చిందని చాలామంది రాశారు గానీ అది తప్పు. చదువుకు సంబంధించిన లాభాలకు అడ్డు పెట్టకూడదన్నంత వరకే తీర్పు: లాప్‌టాప్, పీజీ స్కాలర్‌షిప్, చదువులో రాణించినందుకు ఏడాదికి 5,980 డాలర్ల దాకా నగదు. అయితే ఆ తీర్పుతో ఎన్‌సీఏఏకి కోర్టుల భయం పట్టుకుంది, పది రోజులకే ఎన్‌ఐఎల్‌కి తలుపు తీసింది.

ఎన్‌ఐఎల్ అంటే ఏంటి? కాలేజీ పంచే డబ్బూ అదీ ఒకటేనా?

వేరు. ఆటగాడు తన పేరును, రూపాన్ని వాడుకోనిచ్చి బయటివాళ్ల దగ్గర తీసుకునేది ఎన్‌ఐఎల్ (నేమ్, ఇమేజ్, లైక్‌నెస్). షూ కంపెనీ ప్రకటన, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, వేసవి శిక్షణ శిబిరం ఇలాంటివి. కాలేజీ తన ఖజానా నుంచి ఇచ్చేది ఆదాయ వాటా. 2.05 కోట్ల పరిమితి ఈ రెండోదానికే.

600 డాలర్లు దాటిన ప్రతి ఎన్‌ఐఎల్ ఒప్పందాన్ని ఐదు పని దినాల్లో ఎన్‌ఐఎల్ గో పోర్టల్‌లో పెట్టాలి. పోర్టల్ నడిపేది డెలాయిట్, పైన చూసుకునేది కాలేజ్ స్పోర్ట్స్ కమిషన్. డబ్బిచ్చేది కాలేజీ అభిమాన ధనికులైన బూస్టర్లో, వాళ్లు చందాలతో పెట్టిన కలెక్టివ్ అనే నిధి సంస్థో అయితే రెండు విషయాలు చూస్తారు: నిజంగా వ్యాపార ప్రయోజనం ఉందా, ఇచ్చే మొత్తం ఆ స్థాయి ఆటగాడికి మార్కెట్లో వచ్చేంతేనా. తిరస్కరిస్తే ఒప్పందాన్ని మార్చుకోవచ్చు, వదులుకోవచ్చు, మధ్యవర్తి దగ్గరికి వెళ్లొచ్చు. ఎక్కువగా బెడిసికొట్టేది ఎక్కడంటే, ఆటగాడు చేయాల్సిన పని ఏంటో ఒప్పందంలో రాయకపోవడం. ‘ప్రచారానికి’ అని ఒక్క ముక్క రాసి 50 వేల డాలర్లు చూపిస్తే అది వెనక్కి రావడానికే ఎక్కువ అవకాశం. ఎన్ని పోస్టులు, ఎన్ని గంటల షూటింగ్, ఏ తేదీలోపు, బొమ్మను ఎంతకాలం వాడుకుంటారు అన్నవి రాసుకోవాలి.

2.05 కోట్లు అందరికీ సమానంగా వస్తాయా?

రావు. పాత బకాయిల కింద రాజీలో ఒప్పుకున్న సుమారు 280 కోట్ల డాలర్ల పంపకానికి వాడిన నిష్పత్తినే చాలా పెద్ద కాలేజీలు పట్టుకున్నాయి: ఫుట్‌బాల్‌కి 75 శాతం, పురుషుల బాస్కెట్‌బాల్‌కి 15, మహిళల బాస్కెట్‌బాల్‌కి 5, మిగతా ఆటలన్నిటికీ కలిపి 5. ఆ లెక్కన ఫుట్‌బాల్ జట్టుకు సుమారు 1.54 కోట్లు. 105 మందికి సమంగా పంచితే తలా 1.46 లక్షలు రావాలి, కానీ ఆటను నడిపించే కీలక ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే పెద్ద ముక్క పట్టుకుపోతాడు, చివర్లో ఉన్నవాళ్లకు సున్నా కూడా కావచ్చు. మిగతా ఆటలకు వచ్చే పది లక్షల పైచిలుకు డాలర్లను పదిహేను, ఇరవై జట్లు పంచుకోవాలి. మీ అమ్మాయి టెన్నిస్ ఆడుతుంటే ఆదాయ వాటా మీద ఆశ పెట్టుకోకండి.

టెన్నిస్, ఈత లాంటి ఆటలకు దీనివల్ల మంచా, చెడా?

రెండూ. మన పిల్లల్లో ఎక్కువమందికి ఇదే అసలు ప్రశ్న.

ఇదివరకు ప్రతి ఆటకూ స్కాలర్‌షిప్‌ల సంఖ్యకు పరిమితి ఉండేది. పురుషుల టెన్నిస్‌కి 4.5, బేస్‌బాల్‌కి 11.7. దశాంశాలేంటని ఆశ్చర్యపోకండి, ఆ నాలుగున్నరనే కోచ్ ముక్కలు చేసి ఎనిమిది, పది మందికి సర్దేవాడు. ‘స్కాలర్‌షిప్ వచ్చింది’ అన్నవాళ్లలో చాలామందికి వచ్చింది పావో సగమో. రాజీలో చేరిన కాలేజీల్లో ఇప్పుడా పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి వచ్చింది: టెన్నిస్‌కి 10, బేస్‌బాల్‌కి 34, ఫుట్‌బాల్‌కి 105. కాలేజీ తలచుకుంటే పది మంది టెన్నిస్ ఆటగాళ్లకీ ఫుల్ స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. అయితే పాత పరిమితికి మించి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు 25 లక్షల డాలర్ల వరకు 2.05 కోట్ల లెక్కలోకే వస్తాయి. డబ్బంతా ఫుట్‌బాల్‌కి కావాలనుకునే కాలేజీ ఆటల డైరెక్టరు టెన్నిస్‌కి ఎందుకు పెంచుతాడు?

స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరే వాక్-ఆన్‌లకు దారి ఇరుకైంది. కొన్ని చోట్ల జట్లనే తీసేశారు. కాలిఫోర్నియాలోని కాల్ పాలీ యూనివర్సిటీ 2025 మార్చిలో ఈత, డైవింగ్ జట్లను మూసేస్తూ ఈ రాజీ భారాన్ని ఒక కారణంగా చెప్పింది. అమెరికా ఒలింపిక్ జట్టులో సగానికి పైగా కాలేజీ ఆటల నుంచి వచ్చినవాళ్లే కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు. అలాగని ఫుట్‌బాల్ కుర్రాడి చెమటతో ఈత కొలను నడపాలన్న వాదన కూడా న్యాయం కాదు. కొలను కావాలనుకుంటే దాని ఖర్చు కాలేజీ భరించాలి.

కోచ్‌తో మాట్లాడేటప్పుడు అడగాల్సినవి: మీ కాలేజీ రాజీలో చేరిందా? మా వాడికిచ్చేది ఎంత శాతం? ఒక్క ఏడాదికా, నాలుగేళ్లకా? గత మూడేళ్లలో ఏ జట్టునైనా తీసేశారా?

వారానికి 20 గంటలే ఆడాలన్న రూలుంది కదా, చదువుకీ పార్ట్‌టైమ్ పనికీ తీరిక ఉండదా?

రూలుంది. సీజన్‌లో రోజుకు 4 గంటలు, వారానికి 20, వారంలో ఒక రోజు సెలవు. కిటుకంతా ఏది లెక్కలోకి వస్తుందన్న దగ్గర ఉంది. ప్రాక్టీసు, తప్పనిసరి జిమ్, కోచ్‌తో కూర్చుని చూసే మ్యాచ్ వీడియోలు లెక్కలోకి వస్తాయి. ప్రయాణం రాదు. ఫిజియో దగ్గర ఐస్ పెట్టించుకునే సమయమూ రాదు. మ్యాచ్ రోజంతా కలిపి 3 గంటలే. శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి, రాత్రి హోటల్లో పడుకుని, శనివారం వార్మప్ నుంచి ఆట ముగిసేదాకా ఉండి, అర్ధరాత్రి దాటాక హాస్టల్‌కి చేరినా కాగితం మీద పడేది 3 గంటలు. ఇంకేం పార్ట్‌టైమ్ పని?

అమ్మాయిల వాటా సంగతి?

విద్యలో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం స్కాలర్‌షిప్‌లకు వర్తిస్తుంది. ఆదాయ వాటాకు వర్తిస్తుందా? వర్తిస్తుందని 2025 జనవరిలో విద్యాశాఖ చెప్పింది. ప్రభుత్వం మారాక ఫిబ్రవరిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. పాత బకాయిల్లో తొంభై శాతం మగవాళ్లకే పోతోందంటూ కొందరు మహిళా క్రీడాకారులు 2025 జూన్‌లో అప్పీలు వేశారు. ఎన్‌ఐఎల్‌లో మాత్రం లెక్క వేరేగా ఉంది. లూసియానా స్టేట్ యూనివర్సిటీ జిమ్నాస్ట్ ఒలీవియా డన్, అయోవా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ కాలేజీలో ఉండగానే పెద్ద బ్రాండ్లతో ఒప్పందాలు చేసుకున్నారు.

మా అబ్బాయి ఎఫ్-1 వీసా మీద ఉన్నాడు. తీసుకోవచ్చా?

స్కాలర్‌షిప్ నిక్షేపంగా తీసుకోవచ్చు. మిగతాది కత్తి మీద సాము.

ఎఫ్-1 విద్యార్థికి సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్ లోపల వారానికి 20 గంటల పనికే అనుమతి. అమెరికాలో ఉండి ప్రకటనలో నటించడం, డబ్బు తీసుకుని పోస్టు పెట్టడం, ఆటోగ్రాఫ్ కార్యక్రమానికి వెళ్లడం అనుమతి లేని పని అవుతుంది. దానివల్ల పోయేది ఆడే అర్హత కాదు, వీసా హోదా. ఎన్‌సీఏఏ ఒప్పుకుంది కదా అని ఊరుకోకండి, ఇమిగ్రేషన్ వాళ్లకు ఎన్‌సీఏఏ రూలుతో పని లేదు. లాయర్లు చూపించే దారులు రెండు. ఒకటి, తాను ఏ పనీ చేయకుండా బొమ్మను వాడుకునే హక్కు మాత్రం ఇచ్చి రాయల్టీ తీసుకోవడం. ఇందులోనూ భిన్నాభిప్రాయాలున్నాయి. రెండోది, అమెరికా బయట పని చేయడం. కాంగో నుంచి వచ్చి కెంటకీ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడిన ఆస్కర్ షీబ్వే 2022 ఆగస్టులో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు తన ఎన్‌ఐఎల్ పనులు అక్కడే చేసుకున్నాడు. మనవాళ్లు సెలవులకు హైదరాబాదో విజయవాడో వచ్చినప్పుడు షూటింగ్ చేయడం అలాంటిదే. సంతకం పెట్టేముందు కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును, సొంత ఇమిగ్రేషన్ లాయర్‌ను, ఇద్దర్నీ అడగాలి. కోచ్ మాట ఇక్కడ పనికిరాదు.

అమెరికాలోనే పెరిగిన మా పాప హెచ్-4 మీద ఉంది. ఆమెకీ ఇదేనా?

ఇంకా కష్టం. తెలుగు ఇళ్లలో ఎక్కువగా తగిలే చిక్కు ఇది. హెచ్-1బి వాళ్ల జీవిత భాగస్వాముల్లో కొందరికి పని అనుమతి దొరుకుతుంది గానీ హెచ్-4 పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. చదవొచ్చు, ఆడొచ్చు, పని చేయకూడదు. హైస్కూల్లో తోటి ఆటగాళ్లు స్థానిక దుకాణం ప్రకటనలో డబ్బు తీసుకుంటుంటే మన పిల్లలకు ఆ దారి మూసే ఉంటుంది. 21 నిండాక హెచ్-4 పోతుంది, గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్-1కి మారాలి. కాలేజీ రెండో, మూడో ఏడాదిలో, సరిగ్గా సీజన్ మధ్యలో ఆ పుట్టినరోజు వస్తే ఇబ్బంది. ఏడాది ముందే తేదీలు చూసుకోండి. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఈ గొడవలేవీ లేవు.

టెన్నిస్ ప్రైజ్ మనీ తీసుకుంటే కాలేజీలో ఆడనివ్వరా?

చాలాకాలం నడిచిన నిబంధన ఇది: కాలేజీలో చేరకముందు ఏడాదికి 10 వేల డాలర్ల దాకా, ఆపైన ఆ టోర్నీ ఖర్చులకు సరిపడా మాత్రమే. చేరాక ఖర్చులు మాత్రమే. నార్త్ కరోలైనా క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మైర్ 2021 యూఎస్ ఓపెన్‌లో గెలుచుకున్న సుమారు 49 వేల డాలర్లలో ఎక్కువ భాగం ఇలాగే వదులుకుని, 2024 మార్చిలో కేసు వేసింది. ప్రకటనకు లక్షలు తీసుకోవచ్చు, మ్యాచ్ గెలిచి తీసుకోకూడదు అన్నది ఏ తర్కానికీ అందదు. చెక్ తీసుకునేముందు కాలేజీలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. హోటల్, విమానం, రాకెట్ స్ట్రింగింగ్ రసీదులన్నీ దాచండి, ఖర్చు నిరూపించాల్సింది మీరే.

విశాఖ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడి ప్రొఫెషనల్ అయ్యాడు. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవారెడ్డి 2024 డిసెంబర్‌లో స్టాన్‌ఫర్డ్ వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు. చదువు మధ్యలో వదిలి ప్రొఫెషనల్ కావడం ఆ స్థాయి ఆట ఉన్నవాళ్లకే లెక్కలో నిలుస్తుంది.

పన్ను ఎలా?

స్కాలర్‌షిప్‌లో ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాల భాగానికి పన్ను లేదు. హాస్టల్, భోజనం భాగానికి ఉంది. ఎఫ్-1 వాళ్లకు ఆ భాగంలోంచి సాధారణంగా 14 శాతం ముందే కోస్తారు.

అమెరికా పన్ను లెక్కలో నివాసి అయినవాళ్లకు ఎన్‌ఐఎల్ డబ్బు స్వయం ఉపాధి ఆదాయం. ఇచ్చేవాళ్లు ఏమీ కోయరు, ఏడాది చివర 1099 కాగితం పంపుతారు. నికర ఆదాయం 400 డాలర్లు దాటితే, అందులో 92.35 శాతం మీద 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను పడుతుంది. 10 వేల మీద అదొక్కటే సుమారు 1,413 డాలర్లు. ఆదాయ పన్ను దీనికి అదనం. ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15 తేదీల్లో విడతలు కట్టుకోవాలి. వచ్చిన ప్రతి చెక్‌లో మూడో వంతు వేరే ఖాతాలో పడేస్తే ఏప్రిల్‌లో అప్పు చేయక్కర్లేదు. ఉచితంగా ఇచ్చిన కారు, బూట్లు కూడా విలువ కట్టి ఆదాయంలో చూపించాలి, పిల్లలు మర్చిపోయేది ఇదే. ఆదాయం చూపిస్తే తర్వాతి ఏడాది అవసరాన్ని బట్టి ఇచ్చే పెల్ గ్రాంట్ లాంటి సాయం తగ్గొచ్చు.

గాయమైతే?

2024 ఆగస్టు 1 నుంచి డివిజన్-1 కాలేజీలు ఆట వల్ల వచ్చిన గాయాలకు, ఆటగాడు వెళ్లిపోయాక కూడా రెండేళ్లు వైద్య ఖర్చు భరించాలి. ఆట బాగాలేదనో గాయమైందనో స్కాలర్‌షిప్ తీసేయకూడదు. అయితే తలకు తగిలిన దెబ్బలు ఇరవై ఏళ్ల తర్వాత బయటపడితే ఈ రెండేళ్లు ఏ మూలకీ రావు. ఉద్యోగి అయితే కార్మిక పరిహారం అడిగే దారి ఉండేది.

ఉద్యోగులుగా గుర్తించే ఆశ ఉందా?

తలుపు మూసుకుపోలేదు. డార్ట్‌మత్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 2024 మార్చిలో 13–2 ఓట్లతో యూనియన్ పెట్టుకుంది, కానీ కార్మిక బోర్డు మారబోతుండగా ఆ డిసెంబర్‌లో పిటిషన్ వెనక్కి తీసుకుంది. ఔత్సాహికులన్న ముద్ర ఉన్నంత మాత్రాన కనీస వేతన చట్టం వర్తించదనలేమని 2024 జూలైలో జాన్సన్ కేసులో అప్పీలు కోర్టు చెప్పింది. యూనియన్ ఉంటే వాటా ఎంతో బేరమాడుకునేవాళ్లు. ఇప్పుడు పరిమితి రాజీ పత్రంలో ఉంది, దాన్ని మార్చమనడానికి ఆటగాళ్ల తరఫున కూర్చునే మనిషి లేడు.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఏం చూడాలి?

కాగితం మీద లేనిది లేనట్టే. 2024 సెప్టెంబర్‌లో లాస్ వెగాస్‌లోని యూఎన్‌ఎల్‌వీ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా జట్టు మూడు మ్యాచ్‌లు గెలిచాక తప్పుకున్నాడు. లక్ష డాలర్లు ఇస్తామని నోటిమాటగా చెప్పి ఇవ్వలేదన్నది అతని వైపు వాదన, అలాంటి హామీ ఏదీ లేదన్నది కాలేజీ వాదన.

చూడాల్సినవి ఇవి. డబ్బు ఏ తేదీల్లో పడుతుంది, నెలనెలానా, సీజన్ చివరా? మధ్యలో వేరే కాలేజీకి మారితే ఎంత తిరిగి కట్టాలి? బాకీ మాఫీ చేసే షరతు ఏదైనా ఉందా? గాయమైతే, కోచ్ మారితే చెల్లింపు ఆగుతుందా? పేరు, బొమ్మ హక్కులు కాలేజీ వదిలాక ఎవరివి? కాలేజీ బూట్ల స్పాన్సర్‌కి పోటీ బ్రాండుతో సొంత ఒప్పందం చేసుకోవచ్చా? తగాదా వస్తే ఏ రాష్ట్రంలో తేల్చుకోవాలి?

ఏజెంటు ఎన్‌ఐఎల్ పనికి మాత్రమేనని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ప్రొఫెషనల్ లీగ్ ఒప్పందాల కోసం కూడా అతన్నే పెట్టుకున్నట్టు రాస్తే కాలేజీ అర్హతకే ఎసరు. ఎన్‌ఐఎల్ డబ్బులో ఏజెంటు వాటా 10 నుంచి 20 శాతం మామూలు. కాలేజీయే ఇచ్చే స్కాలర్‌షిప్‌లో గానీ, డిగ్రీ అయ్యాక వచ్చే సంపాదనలో గానీ వాటా అడిగే ఏజెంటు కాగితాన్ని చదవడం అక్కడితో ఆపేయండి.